వలలో పడ్డ చంద్రుడు, హిద్ ఒడ్డున నా వాటా

గల్ఫు వెళ్ళొచ్చినవాడు టేప్‌రికార్డరు తెస్తాడు, సెంటు సీసా తెస్తాడు, ఏమీ లేకపోతే ఒక పులిబొమ్మ దుప్పటైనా తెస్తాడు. నేను బహ్రయిన్‌లో మూడు నెలలుండి ఒక కవితకు మూడో పాదం తెచ్చాను. మా ఆవిడ పెట్టె బోర్లించి దులిపి చూసి, "ఇంతేనా?" అంది. ఇంతే. అది ఎలా దొరికిందో మా వీధిలో చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు పని ఉందని మధ్యలో లేచిపోతున్నారు. అచ్చులో అయితే లేచిపోయినా నాకు తెలియదు కదా అని రాస్తున్నాను.

ముందు నా సంగతి. కాకినాడ రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మిషను చూశాను. అయిదో తరగతితో బడి మాన్పించారు. ఆ తరువాత చదివిందంతా రీడింగ్ రూములోనే. అక్కడ సభ పెడితే బల్లలు వేసేది నేను, జంపఖానా పరిచేది నేను, అధ్యక్షులవారికి సోడా కొట్టించుకొచ్చేది నేను. మాట్లాడేది మాత్రం ఎమ్మే చదివినవాళ్ళు. బల్ల మోసినవాడికి బల్ల వెనక నిలబడే యోగ్యత లేదని ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఒక్కసారి, ఒక్క అరగంట, అక్కడ నిలబడి మాట్లాడాలని నా కోరిక. ఏం మాట్లాడాలో ఎప్పుడో తయారైపోయింది: సముద్రం మీద కవిత్వం.

మన కావ్యాల్లో సముద్రానికి లోటు లేదు. దేవతలు చిలుకుతారు, రాక్షసులు చిలుకుతారు, కోతులు వారధి కడతాయి, నదులు పెళ్ళాలై వచ్చి కలుస్తాయి, చంద్రుడు కనిపిస్తే చాలు ఉప్పొంగుతుంది. ఇంత జరుగుతున్నా నేను చదివిన ఒక్క పద్యంలోనూ ఒక్కడూ చేపలు పట్టడు! అంత సముద్రం పక్కన నిలబడ్డ కవిగారికి నీచువాసన ఎందుకు తగలలేదో నాకు అర్థం కాదు. జలుబు చేసి ఉండాలి.

అలా మండిపోతున్న రోజుల్లో రీడింగ్ రూములో అట్ట ఊడిన పుస్తకమొకటి దొరికింది. వియత్నాం కవితలకు తెలుగు అనువాదాలు. ఎవరు రాశారో, ఎవరు తెలుగు చేశారో అట్టతోనే పోయింది. ఒక పేజీలో ఇలా ఉంది:

*వలలో ముందు చంద్రుడు పడ్డాడు.*
*చిన్నవాడు కదా అని వదిలేశాం.*

అంతే. కింద సగం పేజీ ఎవడో చుట్ట వెలిగించుకోవడానికి చింపుకుపోయాడు. వాడి చుట్ట ఏనాడూ సరిగ్గా అంటుకోకుండుగాక. రేవులో చిన్నచేపను తిరిగి నీళ్ళలోకి విసిరే చెయ్యిని చూసినవాడికి తప్ప ఆ రెండు పాదాలు తట్టవు. ప్రకృతి ఉంది, పని ఉంది, పని చేసేవాడి వేళాకోళమూ ఉంది. ఆ రెండు పాదాలూ జేబులో వేసుకుని నేను విమానం ఎక్కాను.

నయీమ్: ఐసు ఫ్యాక్టరీలో కాపురం

మా అమ్మాయి రూతు అక్కడ ఆసుపత్రిలో నర్సు. అల్లుడు ప్రభాకరం ఒక కంపెనీలో లెక్కలు రాస్తాడు. మనామాలో నయీమ్ అనే పాతపేటలో రెండో అంతస్తులో వాళ్ళ ఇల్లు. బయట కొలిమి. తలుపు తీసి లోపలికి అడుగు పెడితే, నేను రిటైరైన ఫ్యాక్టరీ!

"నాన్నా, దుప్పటి కప్పుకో. ఏసీ గాలి తగిలితే పడిశం పడుతుంది" అంది రూతు.

"ఈ చలిలో కూర్చున్నందుకు నాకు ముప్ఫై ఏళ్ళు జీతం ఇచ్చారమ్మా. మీరు ఎదురు డబ్బిచ్చి కూర్చుంటున్నారు."

"మావయ్యగారు వచ్చి రెండు గంటలు కాలేదు, మిషను చప్పుడు బాలేదంటున్నారు" అన్నాడు ప్రభాకరం, భార్యతోనే, కానీ నాకు వినబడేలాగ.

నిజంగానే బాలేదు. లోపల ఫ్యాను రెక్క తగులుతోంది. చెప్పాను, వినలేదు, నాలుగో రోజున ఆగిపోయింది. అల్లుడి ముందు నా పరువు మొదటిసారి నిలబడింది, రెండోసారి నిలబడలేదు. ఆ రెండోది తరువాత వస్తుంది.

సందు చివర ఇరానీ వాడి రొట్టెల బట్టీ. వంద ఫిల్సులిస్తే చేతులు కాలేటన్ని రొట్టెలు పాతపేపర్లో చుట్టి ఇస్తాడు. కుబూస్ అంటారు. వేడిగా ఉన్నప్పుడు స్వర్గం, గంట ఆగితే చెప్పు అట్ట. మన ఇడ్లీకి కనీసం మరునాటి ఉప్మా అనే పునర్జన్మ ఉంది, దీనికి అదీ లేదు. చేపల బజారుకు వెళ్ళి అలవాటు కొద్దీ మొప్ప ఎత్తి చూశాను. అమ్మేవాడు నా చెయ్యి పట్టుకుని, తరువాత నా ముఖం చూసి, కింద గంపలోంచి తాజాది తీసిచ్చాడు. భాష తెలియకపోయినా మొప్ప ఎత్తిన వేలు ఏ దేశంలోనైనా మాట్లాడుతుంది. "మూడేళ్ళుగా ఇక్కడే కొంటున్నాం, మాకెప్పుడూ కింది గంప చూపించలేదు" అని రూతు ఆశ్చర్యపోయింది. మూడేళ్ళుగా పై గంప చేపలు తిన్న అల్లుడి మీద నాకు జాలి కలిగింది.

శుక్రవారం నాడు ఆదివారం

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి దేవుణ్ణి కూడా శుక్రవారం డ్యూటీకి పిలుస్తారు. తెలుగు క్రైస్తవుల సహవాసం ఒక అద్దె హాల్లో కూడుతుంది. ముందు వరుసల్లో ఆఫీసుల వాళ్ళు, నర్సులు. వెనక బల్లల మీద కూలీల క్యాంపుల నుంచి వచ్చిన మగవాళ్ళు. కోస్తా "ఏటండీ"లు, తెలంగాణ "ఏందన్నా"లు ప్రార్థనయ్యాక ఒకే బిర్యానీ గిన్నె దగ్గర కలుస్తాయి. నెలకోసారి ఆరాధన తరువాత సాహిత్యానికి అరగంట ఇస్తారు. ఆ అరగంటకు అధిపతి డేనియల్ రాజు గారు. తెలుగు ఎమ్మే. ఒకప్పుడు కాలేజీలో పాఠం చెప్పి, ఇప్పుడు బీమా కంపెనీలో మేనేజరు. జింజ్ అనే డబ్బున్నవాళ్ళ పేట నుంచి కారులో వస్తారు. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చోవడం ఆయనకు వచ్చిన విద్య.

నేను వెళ్ళి వచ్చే నెల అరగంట అడిగాను.

"సంతోషమండీ. మీ క్వాలిఫికేషను?"

"ఐసండీ."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు, అదింకా అవమానం.

"విషయం?"

"సముద్రం మీద కవిత్వమండీ. మనవాళ్ళు చెయ్యనిది వియత్నాం వాళ్ళు ఏం చేశారో చెబుతాను" అని ఆ రెండు పాదాలూ చదివాను. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చిన్నవాడు కదా అని వదిలేశామా? సత్యానందం గారూ, ఇది వియత్నాం కాదు, కాకినాడ. ఇది రేవులో వేళాకోళం. మీరే అల్లి వాళ్ళ మీద పెట్టారు."

"పుస్తకంలో ఉందండీ!"

"తెచ్చారా?"

"రీడింగ్ రూముదండీ, ఎలా తెస్తాను?"

"పేరు?"

"అట్ట లేదండీ."

"కవి?"

"అట్ట మీదే ఉండుంటుందండీ."

"తరువాతి పాదం?"

"పేజీ చిరిగిపోయిందండీ."

"అట్ట లేని పుస్తకం, పేరు లేని కవి, సగం లేని పేజీ!" అని ఆయన హాలంతా వినబడేలా లెక్క తేల్చారు. "ఒక పని చేయండి. ఒక్క వియత్నాం మనిషిని ఇక్కడికి తెచ్చి 'ఇది మా కవిత్వమే' అనిపించండి. అరగంట మీదే. లేదంటే ఆ టైము బైబిలు క్విజ్‌కి ఇచ్చేస్తాను."

నన్ను అబద్ధాలకోరన్నమాట! ఇంటికొచ్చే దాకా నేను నోరు విప్పలేదు. నేను నోరు విప్పకపోవడం చూసి రూతు నా నాడి చూసింది.

మనామా: అందరూ వియత్నాం వాళ్ళే

బహ్రయిన్‌లో వియత్నాం వాడెక్కడ దొరుకుతాడు? సౌదీకి సముద్రం మీద వంతెన కడుతున్న కాలమది. ప్రపంచమంతా అక్కడే ఉందనిపించేది. రోజూ పొద్దున్నే బయలుదేరి, నా కంటికి వియత్నాం వాడిలా కనిపించినవాణ్ణల్లా ఆపడం మొదలుపెట్టాను. నా కన్ను ఎంత గొప్పదో త్వరలోనే తేలింది.

నా ఇంగ్లీషు గురించి ఇక్కడ చెప్పాలి. అది రెండు పుస్తకాలకు పుట్టిన బిడ్డ. ఒకటి పాత ఇంగ్లీషు బైబిలు, రెండోది ఐసు మిషనుతో వచ్చిన మాన్యువల్. ఆ భాషలో నేను అడిగినదాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "ఓ మనుష్యుడా, నీవు ఏ దేశమునుండి బయలువెడలితివి? త్వరగా తెలియజేయుము, ఆలస్యమైన యెడల పీడనము పెరుగును."

మొదటివాడు చెప్పుల దుకాణంలో ఉన్నాడు. "మనీలా, సార్. మీ సైజెంత?" అన్నాడు. అంత మర్యాదగా అడిగినవాడికి ఏం చెప్పను? చెప్పులు కొనుక్కుని వచ్చాను. రెండో ఆయన వంతెన పనిలో కొరియా మేస్త్రీ. నడుం వంచి దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను. నాది తనదానికన్నా కిందికి వంగిందని కాబోలు, మళ్ళీ పెట్టాడు. మా కాకినాడ వాణ్ణి మర్యాదలో ఓడించడమా! నేనింకా వంగాను. నడుం పట్టేసింది. ఆయనే నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, సిగరెట్టు ఇచ్చి వెళ్ళిపోయాడు. మూడో ఆయన థాయిలాండు. నాలుగో ఆయన నేపాలు, అది కూడా నన్ను హిందీలో తిట్టాక తెలిసింది.

ఎవరో అల్లుడి ఆఫీసుకు ఫోను చేశారట, మీ మావయ్యగారు సముద్రపు ఒడ్డు రోడ్డు కార్నిష్ మీద మనుషుల్ని ఆపి విచారణ చేస్తున్నారని. రెండోసారి పరువు సంగతి ఇదే.

"నాన్నా, దారినపోయేవాళ్ళని ఆపి నీదే దేశం అని అడగకూడదు. ఇక్కడ పోలీసులు కూడా అంత గట్టిగా అడగరు" అంది రూతు, నడుముకు మందు రాస్తూ. "ఎందుకింత పంతం? క్విజ్ పెట్టుకోనీ."

"క్విజ్‌కి జవాబులు పుస్తకం వెనక ఉంటాయమ్మా. నాకు జవాబు ఎక్కడా లేదు" అన్నాను. రూతు నా చేతి మీద ఒకసారి తట్టి, మందు సీసాకు మూత పెట్టేసింది.

తరువాతి శుక్రవారం బిర్యానీ వరుసలో నా వెనక నిలబడ్డ కుర్రాడు భుజం మీద గోకాడు. పేరు మల్లేశం, జగిత్యాల వైపు వాడు. హిద్‌లో ఓడలు బాగుచేసే చోట తుప్పు గీకే పని.

"పెద్దాయినా, నువ్వేనా సందమామను ఇడ్సిపెట్టినాయన? మావోళ్ళు క్యాంపుల గదే మాట చెప్పుకొని నవ్వుతున్నరు."

"నేను కాదయ్యా వదిలింది, వియత్నాం వాళ్ళు."

"ఆళ్ళా? మా డాకుల ఒక జహాజు నిండ ఆళ్ళే ఉన్నరు. సుక్కాని ఇరిగి వచ్చిన్రు."

నేను వరుస వదిలి వాడి చెయ్యి పట్టుకున్నాను. "చూశావా? ఎలా ఉంటారు?"

మల్లేశం నన్ను ఎగాదిగా చూశాడు. "మనుషులెక్కనే ఉంటరు పెద్దాయినా. ఎట్లుంటరనుకున్నవ్?"

హిద్: చాయ్ కొట్టు ముందు

హిద్ సముద్రంలోకి చాచిన నాలుకలాంటి ఊరు. ఓడల చోటికి నన్ను గేటు దాటనివ్వలేదు. నేను ఐసు మిషను మేస్త్రీనని కాపలావాడికి చెప్పాను. నన్ను కాసేపు చూసి, అయితే ఎండలో నిలబడకు, కరిగిపోతావన్నాడు. ఒడ్డున రేకుల చాయ్ కొట్టు ముందు కూర్చున్నాను. డ్యూటీ అయ్యాక మల్లేశం వచ్చాడు. వెంట ముగ్గురు. ముందున్నాయన సన్నగా, తెల్లచొక్కాతో ఉన్నాడు. పేరు తువాన్. ఓడలో రేడియో ఆపరేటరు. ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చు. ఆ మాటకొస్తే ఇంగ్లీషు అందరికీ నాకన్నా బాగానే వచ్చు.

నేను లేచి నిలబడి చెప్పాను. నా బైబిలు ఇంగ్లీషులో అది ఇలా వచ్చింది: "వలయందు మొదట చంద్రుడు పట్టబడెను. అతడు అల్పుడైనందున వానిని విడిచిపెట్టితిమి."

తువాన్ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తరువాత పగలబడి నవ్వాడు. తన భాషలో మిగతా ఇద్దరికీ చెప్పాడు. ఒకతని ముక్కులోంచి చాయ్ వచ్చింది. నా గుండె పొంగింది.

"అయితే నీకు తెలియును!" అన్నాను.

"తెలియదు" అన్నాడు. "ఎప్పుడూ వినలేదు."

"బడిలో?"

"బడిలో చాలా కంఠస్థం చేయించారు. ఇది లేదు. మా కవులు చంద్రుణ్ణి వదలరు తాతా. దొరికితే పట్టుకుని ఇంటికి తీసుకుపోతారు."

మల్లేశం నా ముఖం చూసి, "గింత దూరమొచ్చి గిదేంది?" అన్నాడు.

నేను ఊరుకుంటానా? కవిత్వంలో పని ఉండాలా వద్దా అని తువాన్‌ను నిలదీశాను. వల లాగేవాడి భుజం నొప్పి లేకుండా సముద్రాన్ని పాడటం అన్యాయం కాదా అన్నాను. తువాన్ నవ్వుతూనే, "ఓడలో రోజంతా పనే. గదిలోకొచ్చి పుస్తకం తెరిస్తే అందులోనూ పనేనా? నాకు చంద్రుడే కావాలి. ఊరికే ఉండే చంద్రుడు" అన్నాడు.

శ్రామికుడి తరఫున నేను శ్రామికుడితోనే తగాదా పడుతున్నానని మల్లేశం పడీపడీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాదనకు జవాబు వెతుక్కుంటూ పక్కకు తిరిగేసరికి, తీరాన అయిదారుగురు అరబ్బు జాలరులు వల లాగుతున్నారు. ఒడ్డు నుంచి లాగే పెద్దవల, అచ్చం మా ఉప్పాడ అలివి వలలాగ. లాగే వరుసలో ఒకడు తక్కువ. తాడు ఒకవైపు వాలిపోతోంది.

నా కాళ్ళు నన్నడగలేదు. వెళ్ళి తాడు పట్టుకున్నాను. నోరు కూడా అడగలేదు, "హైలెస్సా" అని ఎత్తుకుంది. వెనక ఎవరో అందుకున్నారు. తిరిగి చూస్తే తువాన్, తెల్లచొక్కా చేతులు మడిచి. ఆ వెనక అతని ఇద్దరూ. చివర మల్లేశం, "నా డ్యూటీ అయిపోయింది పెద్దాయినా, ఓవర్‌టైం ఎవడిస్తడు?" అని తిడుతూ. ఒకరి పాట ఒకరికి తెలియదు. తాడుకు మాత్రం అందరి పాటా తెలిసినట్టే వచ్చింది.

నా వాటా

మా వైపు ఒక ఆచారం ఉంది. ఒడ్డున వల లాగుతుంటే దారినపోయేవాడు సైతం తాడు మీద చెయ్యి వేయొచ్చు. చెయ్యి వేసినవాడికి వాటా. గుప్పెడు చేపలు తీసుకుని పోతాడు, ఎవరూ అడగరు, ఎవరికీ చెప్పక్కర్లేదు. వల ఒడ్డుకు రాగానే నేను అదే ధర్మంగా వంగి, రెండు చేపలు తీసి చేతిసంచిలో వేసుకున్నాను.

"హరామీ!" అని అరుపు. పడుచువాడొకడు నా సంచి పట్టుకుని లాగాడు. నేను వదలలేదు. నా వాటా నేనెందుకు వదులుతాను? ఇటు నేను, అటు వాడు. మళ్ళీ తాడు లాగుడే, పాట ఒక్కటే లేదు. నా వెనక మల్లేశం ఏడుపు గొంతుతో, "ఇడ్సిపెట్టు పెద్దాయినా! సందమామను ఇడ్సిపెట్టినవ్, రెండు చేపలిడ్వరాదా? నాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే నన్ను ఇంటికి తోలుతడు!"

ఇంతలో సంచిలోని చేప నా పక్షం విడిచి, వేలు మీద ముల్లుతో పొడిచింది. సాఫీ అంటారట. తినడానికి వెన్న, పొడిస్తే తేలు. నేను కేక వేసి సంచి వదిలేశాను. పడుచువాడు వెనక్కి పడ్డాడు. తువాన్ వాళ్ళు ఇద్దరినీ లేపారు.

అప్పుడొచ్చాడు వాళ్ళ పెద్ద, హాజీ యూసుఫ్. నాకన్నా పదేళ్ళు పెద్ద ఉంటాడు. చిన్నప్పుడు ముత్యాల బేరానికి బొంబాయి తిరిగినవాడు, హిందీ బాగా వచ్చు. మల్లేశం చేతులు కట్టుకుని మా ఆచారమంతా ఆయనకు చెప్పాడు. తన సొంతంగా, నేను మా దేశంలో చాలా పెద్ద మేస్త్రీననీ, మతి కొంచెం పల్చబడిందనీ కూడా కలిపాడట. హాజీ నన్నడిగాడు, "తాడు లాగుతూ పాడింది నువ్వేనా?"

"నేనే."

ఆ పడుచువాడు ఆయన కొడుకేనట, వాడి వైపు తిరిగి అరబ్బీలో చీవాట్లు పెట్టి, తరువాత మాకు హిందీలో చెప్పాడు, మల్లేశం నాకు తెలుగు చేశాడు. వాళ్ళ కాలంలో ముత్యాల పడవల్లో పాడటానికే ఒక మనిషిని పెట్టుకునేవాళ్ళట. నహ్హామ్ అంటారు. మునిగేవాళ్ళు మునుగుతారు, తాడు లాగేవాళ్ళు లాగుతారు, వాడు పాడతాడు. వాడు తాడు ముట్టుకోకపోయినా వాటా ఇచ్చేవారు. పాట లేకపోతే చేతులు కదలవు కాబట్టి.

నేను వేలి నొప్పి మరచిపోయాను. కవికి వాటా ఇచ్చే దేశం! మా రీడింగ్ రూములో కవిగారికి సోడా నేను సొంత డబ్బుతో కొట్టించాను.

"నువ్వు పాడావు, లాగావు కూడా. నీకు రెండు వాటాలు" అని హాజీ నాలుగు చేపలు సంచిలో వేశాడు. ముళ్ళు తన చేత్తోనే విరిచాడు. తువాన్‌కూ మల్లేశానికీ మిగతా వాళ్ళకూ తలో వాటా. పడుచువాడు వేడినీళ్ళు తెచ్చి నా వేలు అందులో ముంచాడు. నొప్పి తగ్గింది, కోపం తగ్గలేదు, వాడి ముఖం కూడా అలాగే ఉంది. ఇద్దరం ఆ గిన్నె మీదుగా ఒకరినొకరం చూసుకుంటూ కూర్చున్నాం.

చేపలు పట్టుకుని తిరిగి వస్తుంటే తువాన్ ఉన్నట్టుండి, "మా అమ్మ ఒకటి పాడేది. అది కవిత్వమవునో కాదో" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు చేపల్ని ఉప్పేసి జాడీల్లో నెలల తరబడి ఊరబెట్టి ఆ రసం దించుతారట. అలా ఉప్పు చల్లుతూ పాడేదట:

*ఉప్పు నీది, చేప నీది, మొగుడు నాది.*
*సముద్రమా, ఊరబెట్టకుండా పంపించు.*

అది వాళ్ళ భాషలో చెబుతుంటే నేను తొడ మీద వేళ్ళతో తాళం వేశాను. ఒక పాదానికి ఆరు దెబ్బలు, తరువాతి పాదానికి ఎనిమిది. ముందు చిన్న ఊపు, వెనక పెద్ద ఊపు. వల లాగే ఊపే! "పని లేని కవిత్వం కావాలన్నావు కదయ్యా?" అన్నాను. తువాన్ తల గోక్కుని, "అది పని అనుకోలేదు, అమ్మ అనుకున్నాను" అన్నాడు.

నా అరగంట ఆ వచ్చే శుక్రవారమే. రమ్మంటే వస్తానన్నాడు. ఓడ అప్పటికి కదలకపోతేనే.

బల్ల వెనక

శుక్రవారం ఆరాధన అయింది. డేనియల్ రాజు గారు గడియారం చూశారు, నేను తలుపు చూశాను. ఇంకా చూశాను. వెనక బల్లల మీద మల్లేశం లేడు, అతని క్యాంపు వాళ్ళు కూడా ఎవరూ లేరు. ఓడ వెళ్ళిపోయిందని నా మనసుకు తెలిసిపోయింది. రాజు గారు గొంతు సవరించుకుని, "నోవహు ఓడ పొడవు ఎన్ని మూరలు?" అని క్విజ్ మొదలుపెట్టేశారు. నన్ను ఎగతాళి చేయడానికే ఓడ ప్రశ్న ముందు పెట్టారని ఇప్పటికీ నా నమ్మకం.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మల్లేశం, వెనక అతని క్యాంపు వాళ్ళు పదిమంది, నడుమ తువాన్, అతని ఇద్దరు తోటివాళ్ళు. బస్సు దొరక్క చేపల పికప్‌లో వచ్చారట. ఆ సంగతి వాళ్ళు చెప్పకముందే హాలంతటికీ తెలిసింది. తువాన్ సహవాసానికి కానుకగా వాళ్ళ ఊరి చేపరసం సీసా ఒకటి తెచ్చాడు. వాసన చూద్దామని మూత తీసిన సంఘం పెద్దగారు వెంటనే కిటికీలు తెరిపించారు. నా ప్రసంగానికి ఇంతకన్నా మంచి ఉపోద్ఘాతం ఉండదనిపించింది. సముద్రం మీద కవిత్వం గురించి మాట్లాడే హాల్లో, మొట్టమొదటిసారి, నీచువాసన!

రాజు గారు ముక్కుకు రుమాలు పెట్టుకుని, మంచి ఇంగ్లీషులో రెండు పాదాలూ అనువదించి, తువాన్‌ను అడిగారు: "ఇది మీ దేశపు కవిత్వమేనా?"

తువాన్ అబద్ధమాడడు. నిజం చెబితే నేను పోయాను.

తువాన్ నా వైపు చూశాడు. "మొన్నటిదాకా కాదు" అన్నాడు. "మొన్న హిద్‌లో ఈ తాత చెప్పాడు. ఆ రాత్రే ఓడలో అందరికీ చెప్పాను. మా వంటవాడు మా భాషలో కట్టాడు. ఇప్పుడు తుప్పు గీకుతూ కూడా అదే పాడుతున్నారు. కాబట్టి ఇప్పుడు మాదే."

"అంటే ఇంతకుముందు లేదన్నమాట!" అన్నారు రాజు గారు.

"మా ఊరిదేదో పుస్తకంలో ఉండి ఉండొచ్చు. నేను అన్నీ చదవలేదు" అన్నాడు తువాన్. "కానీ తాడు మీద చెయ్యి వేసినవాడికి వాటా ఉంటుందని తాత చెప్పాడు. మేం వేశాం."

వెనక బల్లలు చప్పట్లు కొట్టాయి. వాళ్ళకు ఇంగ్లీషు ఎంత అర్థమైందో నాకు తెలియదు, మల్లేశం ఏం చెప్పి తెచ్చాడో అది మాత్రం బాగా అర్థమైంది. రాజు గారు ఇది సాక్ష్యం కాదన్నారు. నేను ఎందుకు కాదన్నాను. యేసు గాయంలో తోమా చెయ్యి పెట్టి చూశాకే నమ్మాడని ఆయన, చెయ్యి పెట్టినవాడే కదా చెబుతున్నాడని నేను. సంఘం పెద్దగారు లేచి, "అరగంటలో పాతిక నిమిషాలు మీరిద్దరే తినేశారండీ. బిర్యానీ వచ్చేసింది. సత్యానందం గారూ, ఉన్న అయిదు నిమిషాల్లో కానివ్వండి" అన్నారు.

పన్నెండు పేజీలు రాసుకుని వెళ్ళాను. అది మడిచి జేబులో పెట్టుకుని బల్ల వెనక్కి వెళ్ళాను. ఆ బల్ల కొంచెం ఊగుతోంది. ముందు దాని కాలి కింద కాగితం మడిచి పెట్టాను, అలవాటు. రూతు ముందు వరుసలో కళ్ళు తుడుచుకుంటోంది, నా కోసమో, చేపరసం ఘాటుకో. తరువాత చంద్రుడి పాదాలు రెండూ చదివాను. తువాన్ అమ్మ పాదాలు రెండూ చదివాను. మా అలివి వల సంగతి, హాజీ నహ్హామ్ సంగతి చెప్పాను. అంతే. నర్సులు "మొగుడు నాది" దగ్గర ఎంత నవ్వారంటే ప్రభాకరం కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఇంటికి డబ్బు పంపి, మనిషి మాత్రం ఇక్కడే ఉండిపోయినవాళ్ళు వెనక బల్లల మీద చాలామంది. వాళ్ళు మొదట నవ్వారు, తరువాత ఊరుకున్నారు.

ప్లేటు పట్టుకుని మూల నిలబడి తింటుంటే డేనియల్ రాజు గారు వచ్చారు. ఇస్త్రీ నలగకుండా నా పక్కన నిలబడ్డారు. తరువాత గొంతు తగ్గించి,

"సత్యానందం గారూ, ఆ మూడో పాదం మీకు బొత్తిగా గుర్తు లేదా?"

"చిరిగిపోయిందని చెప్పాను కదండీ. ఎమ్మే చదివారు. తాడు మీద మీరూ ఒక చెయ్యి వేయరాదూ?" అన్నాను, పొడిచినట్టుగానే.

ఆయన అన్నం కలుపుతూ, నా వైపు చూడకుండా అన్నారు:

"పున్నమికి పెద్దవాడై వస్తాడు. తాడు వదలకండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నేళ్ళు వెతికాను నేను దానికోసం! బాగోలేదని చెబుదామని నోరు తెరిచాను. బాగుంది. ఇంకేం చేస్తాను, ఆచారం ఆచారమే. నా ప్లేటులో చివరికని దాచుకున్న కోడికాలు తీసి ఆయన ప్లేటులో వేశాను.